కట్టినవారూ, కట్టించినవారూ

పూర్వవిద్యార్థుల వార్తలను ఎవరూ సాహిత్యంగా లెక్కపెట్టరు. ఫలానావారికి పదవి వచ్చింది, ఇంకొకరు ఒక మహానగరంలో ఉపన్యసించారు, వేరొకరి పుస్తకం వెలువడింది, మరొకరి భవనానికి బహుమానం దక్కింది. ఇంతేకదా అని పేజీ తిప్పేస్తాం. కాని ఒక వృత్తివర్గం తన్ను గురించి తాను ఏమనుకుంటున్నదో తెలుసుకోవటానికి, ఆ వర్గం రాసిన పెద్ద గ్రంథాలకన్నా ఈ చిన్న వార్తలే ఎక్కువ పనికివస్తాయి. గ్రంథం రాసేటప్పుడు మనిషి జాగ్రత్తపడతాడు. వార్త రాసేటప్పుడు అలవాటే చేతిని నడిపిస్తుంది. అందుచేత, అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు డిజైన్ కళాశాల ఇచ్చే లోబ్ ఫెలోషిప్‌నూ, ఆ ఫెలోషిప్ పొందినవారి పనిని గురించి లోకంలో చెలామణి అయ్యే వార్తలనూ ఇక్కడ విమర్శకు తీసుకుంటున్నాను.

ఈ విషయం మనకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మన కళాశాలల్లో వాస్తుశిల్పం, నగర ప్రణాళిక చదివే పిల్లలున్నారు. వారిలో కొందరికి ఇటువంటి ఫెలోషిప్పులు జీవిత పరమావధి. మరికొందరికి, ముఖ్యంగా మనవైపు మొగ్గినవారికి, అవి ధనికుల దానం కనుక సర్వవిధాలా త్యాజ్యాలు. మొదటివారు వార్త చదివి మురుసుకుంటారు, రెండవవారు చదవకుండానే తిట్టేస్తారు. జరిగిన పనిని పరీక్షించే ఓపిక ఇద్దరికీ లేదు.

ఫెలోషిప్ చరిత్రతో మొదలుపెడతాను. ఇది 1970లో ప్రారంభమైంది. హార్వర్డ్‌లో చదివి వాల్ స్ట్రీట్‌లో బ్యాంకరుగా స్థిరపడిన జాన్ లోబ్ ఇచ్చిన విరాళం దీనికి మూలధనం. నగరాలలో పనిచేస్తూ వృత్తిలో సగం దూరం నడిచిన వాస్తుశిల్పులు, ప్రణాళికాకర్తలు, గృహవసతి కార్యకర్తలు, కళాకారులు ఏటా సుమారు పదిమంది ఎంపికై, ఒక విద్యాసంవత్సరం కేంబ్రిడ్జ్‌లో వుంటారు. పరీక్షలు లేవు, పట్టా లేదు. నచ్చిన తరగతిలో కూర్చోవచ్చు. జీవనభృతి వుంటుంది. పనిచేసి అలసిన మనిషికి ఆలోచించుకొనే తీరిక ఇవ్వటం దీని ఉద్దేశం. ఆ ఉద్దేశం మంచిదనటానికి నాకు సంకోచం లేదు.

అయితే 1970కి ముందు 1969 వుంది. ఆ ఏడాది ఏప్రిల్ 9న హార్వర్డ్ విద్యార్థులు యూనివర్సిటీ హాలును ఆక్రమించారు. మరునాడు తెల్లవారుజామున పోలీసులు లాఠీలతో ప్రవేశించి వారిని బయటికి ఈడ్చారు. ఆపైన విశ్వవిద్యాలయమంతా సమ్మె. వియత్నాం యుద్ధకాలంలో విద్యాలయంలో సైనికాధికారుల శిక్షణ వుండరాదన్న కోరిక చరిత్ర పుస్తకాలకెక్కింది. అదే కోరికల పట్టీలో విశ్వవిద్యాలయం తన సొంత ఇళ్ళలో పెంచిన అద్దెలు తగ్గించాలనీ, వైద్య కళాశాల విస్తరణ పేరిట రాక్స్‌బరీ పేటలో శ్రామికుల ఇళ్ళు పడగొట్టరాదనీ కూడా వున్న సంగతి చాలామంది మరిచిపోయారు. సమ్మెకు చిహ్నమైన ఎర్ర పిడికిలిని గుడ్డలమీదా కాగితాలమీదా అచ్చుకొట్టినవారు ఈ డిజైన్ కళాశాల విద్యార్థులే. రాక్స్‌బరీ అద్దెదారులు ఆ ఏడే సంఘం పెట్టుకున్నారు, తమ ఇళ్ళు పడగొట్టటాన్ని ఆపించారు, తరువాతి దశాబ్దంలో మిషన్ పార్క్ అనే గృహసముదాయాన్ని సాధించుకున్నారు.

సమ్మెకు భయపడి ఫెలోషిప్ పెట్టారని నేననటంలేదు. అలా అనటానికి నాదగ్గర ఆధారం లేదు. రెండూ ఒకే సంక్షోభంలో పక్కపక్కన పుట్టాయని మాత్రమే అంటున్నాను. నగరాన్ని బాగుచేసే వ్యక్తిని ఎంచి ఏడాది తీరిక ఇవ్వటం ఒక మార్గం. నగరంలో బతికేవాళ్ళు సంఘం కట్టి ఇల్లు నిలుపుకోవటం మరొక మార్గం. మొదటి మార్గానికి ఏటా జాబితా వుంది, పేర్లున్నాయి, వార్తలున్నాయి. రెండవ మార్గానికి వున్నది ఒక సంఘం పేరు. ఈ తేడాను దృష్టిలో పెట్టుకొనే వార్తల భాషను పరిశీలించాలి.

తెలుగు వ్యాకరణం ఇక్కడ మనకు ఒక పనిముట్టు ఇస్తున్నది. మనకు 'కట్టు' అనే క్రియ వుంది, 'కట్టించు' అనే ప్రేరణార్థకం వుంది. తాపీమేస్త్రి గోడ కడతాడు, ఆసామి కట్టిస్తాడు. పల్లెలో ఎవరూ ఈ రెంటినీ తారుమారు చెయ్యరు. చెరువు తవ్వించినవాడికీ తవ్వినవాడికీ భేదం మన నోటిలోనే వుంది. సంస్కృతంనుంచి వచ్చిన 'నిర్మించు' అనే మాట ఈ భేదాన్ని చెరిపేస్తుంది. మేస్త్రీ నిర్మిస్తాడు, మంత్రీ నిర్మిస్తాడు, గీత గీసిన వాస్తుశిల్పీ నిర్మిస్తాడు. 'నిర్మింపజేశాడు' అనే రూపం వ్యాకరణంలో వున్నా వార్తలు రాసేవారికి దానితో పనిపడదు. ఇంగ్లీషు వార్తలలోనూ ఇటువంటి క్రియలే రాజ్యమేలుతాయి. ఫెలో ఒక పేటను 'పునరుద్ధరించాడు', ఒక వీధికి 'ప్రాణం పోశాడు', ఒక నగరాన్ని 'మార్చివేశాడు'. ప్రాణం పోశాడంటే అంతకుముందు ఆ పేట చచ్చి వుండాలికదా! అక్కడ అద్దెలు కట్టుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ, ఆదివారం ప్రార్థనకు పోతూ వున్న జనం ఆ వాక్యానికి కనబడలేదు.

ఇది కొత్త దోషం కాదు. మన దానశాసనాలు చెక్కించినవారు ఈ వార్తారచయితలకు పూర్వీకులే. పాలంపేట గుడిని 1213లో కట్టించినవాడు కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడని శాసనం చెబుతున్నది. జనం మాత్రం దానిని రామప్ప గుడి అంటున్నారు. రామప్ప శిల్పి పేరని జనశ్రుతి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఆ గుడి చేరినప్పుడు అధికారనామం 'కాకతీయ రుద్రేశ్వర ఆలయం' అయింది. రామప్ప పేరు కుండలీకరణాల మధ్య మిగిలింది. రామప్ప వున్నాడో లేడో చరిత్రకారులు తేల్చవలసిందే. కట్టినవాడి పేరు ఏదో ఒకటి వుండాలని జనం కోరుకోవటం మాత్రం నిజం.

ఇక ఫెలోలు చేసిన పనికి వస్తాను.

రిక్ లో అనే నల్లజాతి కళాకారుడు 2001-02లో లోబ్ ఫెలో. 2014లో ఆయనకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. హూస్టన్ నగరంలో థర్డ్ వార్డ్ అనే నల్లవారి పేటలో 1993లో మొదలైన 'ప్రాజెక్ట్ రో హౌసెస్' ఆయన కీర్తికి ఆధారం. గది వెనక గదిగా ఒకే వరుసలో సాగే చిన్న చెక్క ఇళ్ళు 22 అక్కడ పాడుపడి వున్నాయి. వాటిని పడగొట్టకుండా బాగుచేసి, కొన్నింటిని కళాకారుల పనికి, కొన్నింటిని చదువుకుంటూ ఒంటరిగా బిడ్డల్ని పెంచుకునే తల్లుల నివాసానికి ఇచ్చారు. ఒక బడిపిల్లవాడు తన చిత్రశాలకు వచ్చి, మా కష్టాలు మాకు తెలుసు, వాటినే మళ్ళీ బొమ్మగీసి చూపిస్తారెందుకు, పరిష్కారం చూపించరాదా అని అడిగాడనీ, దానితో తన దారి మారిందనీ లో తరచు చెబుతాడు. బొమ్మ వేసేవాడికి ఇంతకన్నా సూటి విమర్శ దొరకదు.

ఈ పనిని నేను గౌరవిస్తున్నాను. కాని వార్తలు దీనికి చేసిన అన్యాయం ఒకటుంది. ఆ సంస్థను స్థాపించినది ఏడుగురు నల్లజాతి కళాకారులు. బహుమతి వార్తలలో ఏడుగురు ఒక్కడయ్యారు. ఫెలోషిప్ వ్యక్తికి ఇస్తారు కనుక వార్తకు వ్యక్తి కావాలి. వ్యక్తి కావాలి కనుక సమష్టి పని వ్యక్తి చరిత్రగా మారుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ వుండనక్కరలేదు, రూపమే వస్తువును కోసిపారేస్తుంది. ఇంకొక మాట. థర్డ్ వార్డ్ హూస్టన్ నడిబొడ్డుకు దగ్గర. పేట బాగుపడేకొద్దీ భూమి ధర పెరుగుతుంది, ధర పెరిగేకొద్దీ పాతకాపులు కదలవలసి వస్తుంది. ఈ ప్రమాదం సంస్థవారికి తెలిసే, 2003లో తక్కువ అద్దె ఇళ్ళ కోసం ప్రత్యేకమైన అభివృద్ధి సంస్థ పెట్టారు. నా దృష్టిలో వారి పనిలో అన్నిటికన్నా గట్టిది ఇదే. కళ తెచ్చిన విలువను భూస్వామి కాజెయ్యకుండా అడ్డుపడే ప్రయత్నమిది. కాని బహుమతి వార్తకు ఇది అందమైన వస్తువు కాదు.

రెండవ ఉదాహరణ మరింత చిక్కైనది. 2010-11 ఫెలో అయిన థియాస్టర్ గేట్స్ షికాగో దక్షిణభాగంలో పనిచేస్తాడు. 1923లో కట్టిన స్టోనీ ఐలండ్ బ్యాంకు మూతబడి, కప్పు కారుతూ, కూల్చివేతకు సిద్ధంగా వుంటే నగరపాలక సంస్థనుంచి ఒక్క డాలరుకు కొన్నాడు. మరమ్మతుకు సొమ్ము కావాలి. బ్యాంకులోని చలువరాతిని పలకలుగా కోసి, వాటిని 'బాండ్లు' అని పేరు పెట్టి, 2013లో స్విట్జర్లండ్‌లోని బాసెల్ కళాసంతలో ఒక్కొక్కటి 5000 డాలర్లకు అమ్మాడు. 2015లో ఆ భవనం గ్రంథాలయంగా, ప్రదర్శనశాలగా తెరుచుకున్నది. నల్లవారి పత్రికలు ప్రచురించిన జాన్సన్ సంస్థ పుస్తకభాండాగారం ఇప్పుడు అక్కడ వుంది.

ఇది మహా తెలివైన పని. ధనస్వామ్యపు పరిభాషను దానిమీదికే తిప్పటం ఇందులో వుంది. బ్యాంకు ఆ పేటవారిని వదిలిపోయింది, ఆ బ్యాంకు రాయినే బాండుగా అమ్మి పేటకు పుస్తకాలు తెచ్చాడు. వ్యంగ్యంగా దీనికి సాటి అరుదు. కాని విమర్శకుడు వ్యంగ్యానికి చప్పట్లు కొట్టి వూరుకోరాదు. పేటలో ఒక గ్రంథాలయం నిలవాలంటే వేలమైళ్ళ దూరంలో రాతిపలక కొనే సంపన్నుడు వుండాలన్నమాట! నగరపాలక సంస్థ బాధ్యత ఒక్క డాలరుతో తీరిపోయిందన్నమాట! గేట్స్ చేసినది తప్పు అనటం నా ఉద్దేశం కాదు. ఆయన చేతికి దొరికిన పనిముట్టుతో ఆయన పనిచేశాడు. ఈ పద్ధతిని ఆదర్శంగా ఎత్తిచూపి, ప్రతి పేటా తన గేట్స్ కోసం ఎదురుచూడాలని సూచించే వార్తలతోనే నాకు పేచీ. ప్రతిభావంతుడు పుట్టని పేటలో కప్పు కారుతూనే వుంటుందికదా.

మూడవది మనకు దగ్గరి ప్రాంతంనుంచి. జర్మన్ వాస్తుశిల్పి అన్నా హెరింగర్ 2011-12 ఫెలో. అంతకుముందే బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్ అనే పల్లెలో ఐకె రోస్వాగ్‌తో కలిసి ఆమె కట్టించిన మెటీ బడికి 2007లో ఆగాఖాన్ బహుమతి వచ్చింది. కింది అంతస్తు మట్టిగోడలు, పై అంతస్తు వెదురు. మట్టిలో గడ్డి కలిపి, పశువులచేత తొక్కించి, వరుస మీద వరుస పెట్టారు. మన పల్లెల్లో మట్టిగోడ పెట్టినవారికి ఈ పని కొత్తగా చెప్పనక్కరలేదు. సిమెంటూ ఉక్కూ కొంటే వూరినుంచి బయటికి పోయే డబ్బు, మట్టితో కడితే కూలీగా వూళ్ళోనే వుండిపోయింది. ఇది అర్థశాస్త్రం, అందాన్ని గురించిన ముచ్చట కాదు. 2020లో ఒబెల్ బహుమతి పొందిన ఆనందాలయం కూడా అదే వూళ్ళోది. కింద వికలాంగుల కేంద్రం, పైన స్త్రీల కుట్టుపని శాల, కిందినుంచి పైకి చక్రాలబండి ఎక్కగల వాలుదారి.

ఈ పనిని గురించిన రాతల్లో మట్టి తొక్కినవారి బొమ్మలు కనబడతాయి, పనివారి మాట వస్తుంది. దీనికి కారణం హెరింగర్ సౌజన్యం ఒక్కటే అనుకోను. 1977లో మొదలైన ఆగాఖాన్ బహుమతి వాస్తుశిల్పితో పాటు మేస్త్రిని, కట్టించుకున్నవారిని, ఇంజనీరును కూడా గుర్తించే పద్ధతి పెట్టుకున్నది. ఒక సంపన్న మతగురువు పేరుతో నడిచే బహుమతికి ఈ పద్ధతి సాధ్యమైనప్పుడు, రెండు వాక్యాల వార్తలో పనివారికి చోటు లేదన్న సాకు చెల్లదు. అయితే ఇక్కడా ఒక ప్రశ్న మిగిలింది. అంతర్జాతీయ పత్రికలలో మట్టి తొక్కినవారికి ముఖం వచ్చింది, పేరు మాత్రం ఇంకా అరుదుగానే వస్తున్నది.

నాలుగవ ఉదాహరణ మన పనికి అన్నిటికన్నా దగ్గరది, ఎందుకంటే అది రచన. 2006-07 ఫెలో డేమన్ రిచ్ న్యూయార్కులో 1997లో ఒక నగర బోధనా కేంద్రం స్థాపించాడు. తరువాత న్యూఆర్క్ నగరానికి రూపకల్పన అధికారిగా పనిచేశాడు. 2017లో మెకార్థర్ ఫెలోషిప్ పొందాడు. ఆ కేంద్రం చేసే పని భవనాలు కట్టటం కాదు. నగరాన్ని నడిపే నిబంధనలు ఏమిటో, ఏ భూమిలో ఎంత ఎత్తు కట్టవచ్చునో, ఆ నిర్ణయం ఎక్కడ ఎవరు చేస్తారో, మామూలు మనిషికి బొమ్మలతో తెలియజెప్పే కరపత్రాలూ, పరికరాలూ తయారుచేస్తుంది. 2009లో వీధివ్యాపారుల సంఘంతో కలిసి ఒక కరపత్రం వేశారు. బండి ఎక్కడ పెట్టాలి, పోలీసు జరిమానా వేస్తే ఏం చెయ్యాలి అన్న సంగతులు అందులో బొమ్మల్లో వున్నాయి. న్యూయార్కులో బండ్లు పెట్టుకునేవారిలో బెంగాలీలు చాలామంది కనుక బెంగాలీలో కూడా మాటలు అచ్చువేశారు.

నగర రూపకల్పనలో ఉత్తమ రచన ఏదని నన్నడిగితే ఈ కరపత్రాన్నే చూపిస్తాను. ఇందులో నాయకుడు రూపకర్త కాడు. 'నువ్వు' అని పిలవబడే బండివాడు. క్రియలన్నీ అతనివే: నిలబడు, కొలువు, అడుగు, రసీదు పుచ్చుకో. చదివినవాడు మరునాడు ఉదయం దానిని వాడుకోగలడు. ఫెలోల వార్తలలో లేని కర్త ఇక్కడ దొరికాడు. దొరకటానికి కారణం, కరపత్రం రాసేముందు వీధివ్యాపారుల సంఘం ఒకటి వుండటం. సంఘం లేనిచోట ఎంత మంచి రూపకర్త అయినా 'నువ్వు' అని ఎవరిని పిలుస్తాడు?

ఇంతవరకూ అమెరికా మాటలు. ఇదే వాక్యనిర్మాణం మన పత్రికలలోకి ఎలా వచ్చిందో చూడటానికి అమరావతి చాలు. 2015లో సింగపూరు సంస్థలు బృహత్ ప్రణాళిక ఇచ్చాయి. లండన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థ శాసనసభ, హైకోర్టు నమూనాలు గీసింది. సినిమా దర్శకుల సలహా కూడా తీసుకున్నారు. కృష్ణ ఒడ్డున 33 వేల ఎకరాలకు పైగా పొలం సమీకరణ కింద సేకరించారు. మూడు పంటలు పండే భూములలో భూమి వున్న రైతుకు స్థలాలు, కౌలు వచ్చాయి. భూమిలేని కూలి కుటుంబానికి నెలకు 2500 రూపాయల పింఛను నిర్ణయించారు. 2019లో ప్రభుత్వం మారి పనులు ఆగాయి, 2024లో మళ్ళీ మారి తిరిగి మొదలయ్యాయి. ఈ కాలమంతా వార్తల్లో గోపురం ఎత్తెంత, ఆకారం ఏ పువ్వులా వుంది అన్న చర్చ నడిచింది. కలుపుతీత, మిరపకోత పోయిన ఆడకూలీ ఏ వూరికి పనికి పోతున్నదో చెప్పిన వార్తలు నాకు తక్కువగా కనిపించాయి. భూమి వున్నవాడికి ఉద్యమం చెయ్యటానికి కాగితం వుంది. కూలీ చేతిలో ఏ కాగితమూ లేదు. నగరం కట్టినా ఆమె కర్త కాలేదు, ఆపినా కాలేదు.

కనుక ఫెలోషిప్‌ను గురించి మన వైఖరి ఏమిటి? దానం చేసిన సొమ్ము వాల్ స్ట్రీట్‌ది కనుక దానితో చదివినవారందరూ వాల్ స్ట్రీట్ మనుషులేనని తీర్పు చెప్పటం సోమరితనం. సొమ్ము పుట్టుక తెలుసుకోవటం విమర్శకు ప్రారంభం, ముగింపు కాదు. పైన చెప్పిన నలుగురిలో ఏ ఒక్కరి పనినీ మనం తోసిపారవెయ్యలేం. వారినుంచి నేర్చుకోవలసింది చాలా వుంది. అలాగని వార్త ఇచ్చిన కొలతతో వారిని కొలిచి, వారివలె 'మార్చివేసే' వ్యక్తులం కావాలని కలలుకనటం అంతకన్నా పెద్ద పొరపాటు. ఒక పని ఎంత కాలం నిలిచింది, దానివల్ల అద్దె పెరిగిందా తగ్గిందా, పాతకాపులలో ఎందరు మిగిలారు, వ్యక్తి కేంబ్రిడ్జ్‌కు పోయిన ఏడాది పేటలో పని ఎవరు నడిపారు అని అడగాలి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే వార్తే వార్త.

ఫెలోషిప్ మూలభావాన్ని కూడా మనం వదులుకోరాదు. పనిచేసేవాడికి ఏడాది తీరిక, చదువు, జీవనభృతి, పరీక్షల బెడద లేకుండా! ఇది ఎంత గొప్ప కోరిక! ఇది పదిమందికే ఎందుకు వుండాలి? ఇరవై ఏళ్ళు గోడలు కట్టిన తాపీమేస్త్రికి తన నగరాన్ని గురించి ఏడాదిపాటు కూర్చుని ఆలోచించే హక్కు ఎందుకు వుండరాదు? పొద్దున్నే అడ్డామీద నిలబడి కూలికోసం ఎదురుచూసే ఆడమనిషికి నగర ప్రణాళికలో చెప్పవలసిన మాట లేదని ఎవరు తేల్చారు? మనవి మాత్రం వట్టి కరపత్రాలనీ, వారిది విద్య అనీ అనుకుంటే మనమే మనల్ని చిన్నబుచ్చుకున్నట్లు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన చేస్తాను. తరగతిలో ఏదైనా ఒక భవనాన్ని గురించిన వార్తను తీసుకోండి. 'నిర్మించారు' అన్న ప్రతిచోటా 'కట్టారు' లేక 'కట్టించారు' అని మార్చి రాయమని విద్యార్థులను అడగండి. ఎక్కడ ఏది రాయాలో తెలియక వారు ఆగిపోతారు. ఆగిన ప్రతిచోటా ఒక మనిషి పేరు లోపించి వుంటుంది. ఆ పేరు కనుక్కురావటానికి వారిని ఆ భవనం దగ్గరికి పంపండి.